ఊరి పేరు, ఊరి వెబ్‌సైటు: కట్టడం కన్నా కాపాడుకోవడమే పెద్ద పని

కదిరి: ఎన్.పి.కుంట మండలం గూటిబైలు దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కొన్ని వందల సంవత్సరాలుగా వుంది. చుట్టుపట్ల పల్లెల వారు తరతరాలుగా దానికి మొక్కుకుంటూనే వున్నారు. అయినా ఆ మాను పేరు ప్రపంచానికి తెలిసింది 1989లోనే. బెంగుళూరుకు చెందిన రిగ్రెట్ అయ్యర్ అనే పత్రికా రచయిత, ఛాయాగ్రాహకుడు పట్టుబట్టి కృషి చేయడంతో ఆ ఏడాది గిన్నిస్ రికార్డుల పుస్తకంలో దానికి చోటు దొరికింది. ఆ ఒక్క ఏడాదిలో మాను కొత్తగా పెరిగింది లేదు. దాని సంగతి నలుగురూ చూసే చోట ఒకరు రాయించారు, అంతే.

నేడు నలుగురూ చూసే చోటు ఇంటర్నెట్టే. పొలం గట్టు మీద నిలబడిన రైతు కూడా సెల్‌ఫోనులోనే విత్తనం గురించి వెదుకుతున్నాడు. పెళ్ళి సంబంధం చూడబోయేవారు ఊరి పేరు ముందుగా ఫోనులో కొట్టి చూస్తున్నారు. బ్రహ్మోత్సవాలకు వచ్చే భక్తులు తేదీలు అందులోనే చూసుకుంటున్నారు. మరి అక్కడ మన ఊరి గురించి రాసేదెవరు? రాసినది సరిగా వుందో లేదో చూసేదెవరు? ఈ ప్రశ్న ఇప్పుడు కదిరి ప్రాంతపు ప్రతి పల్లె ముందూ వుంది.

వెబ్‌సైటు అనగానే అది కంపెనీల పని, లక్షల రూపాయల వ్యవహారం అనుకునేవారు ఇంకా చాలామంది వున్నారు. నిజానికి వెబ్‌సైటు కట్టే పనిముట్లు ఇరవై ఏళ్ళకు పైగా ఉచితంగానే దొరుకుతున్నాయి. సర్కారు కార్యాలయాల నుంచి పెద్ద పెద్ద పత్రికల దాకా వాటినే వాడుతున్నాయి. పనిముట్టు దొరకడం కష్టం కాదు. దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి పని చేసే మనిషి దొరకడమే కష్టం.

దాచుకోదగిన విత్తనం వంటిది

ఈ పనిముట్లను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటారు. అంటే మూలం అందరికీ తెరిచి వుంచిన సాఫ్ట్‌వేర్ అని అర్థం. కదిరి రైతులకు దీన్ని తెలియజెప్పడానికి వేరుశనగ కన్నా మంచి ఉదాహరణ లేదు.

కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి 1978లో కదిరి-3, 2005లో కదిరి-6 రకాలు వచ్చాయి. తరవాత కదిరి-9, కదిరి లేపాక్షి వంటివి వచ్చాయి. ఇవి హైబ్రిడ్లు కావు, సూటి రకాలు. ఒకసారి మంచి విత్తనం తెచ్చుకున్న రైతు పంటలో కొంత దాచి మరుసటి ఏడు విత్తుకోవచ్చు. పక్క రైతుకు బదులివ్వవచ్చు. రైతుకు ఈ హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా గుర్తించింది. హైబ్రిడ్ విత్తనం సంగతి వేరు. ప్రతి ఏడూ దుకాణానికి పోవలసిందే.

సాఫ్ట్‌వేరులోనూ ఈ రెండు రకాలూ వున్నాయి. కొన్నింటిని ఏడాదికింత అని కట్టి వాడుకోవాలి. లోపల ఏముందో చూడటానికి వీల్లేదు, మరొకరికి ఇవ్వడానికి వీల్లేదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును మాత్రం ఎవరైనా వాడవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవారికి పంచిపెట్టవచ్చు. ఈ నాలుగు హక్కుల కోసం అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన 1983లో ఉద్యమం మొదలుపెట్టాడు. ఆ హక్కులను కాపాడేందుకు రాసిన లైసెన్సు పేరు జీపీఎల్. వెబ్‌సైట్లు కట్టే పనిముట్లలో పేరుపొందినవి చాలావరకు ఈ లైసెన్సు కిందనే వున్నాయి.

రాతపని వేరు, అచ్చుపని వేరు

వెనుకట వెబ్‌సైటులో ఒక్క అక్షరం మార్చాలన్నా కంప్యూటరు భాష తెలిసిన మనిషి కావాలి. రథోత్సవం తేదీ మారితే పట్నంలో వున్న కుర్రవాడికి కబురు పంపాలి. అతనికి తీరిక దొరికేసరికి రథం నిలయానికి చేరిపోయేది.

ఈ ఇబ్బందిని తొలగించడానికి వచ్చినవే విషయ నిర్వహణ వేదికలు. వీటిలో రాతపని, అచ్చుపని విడివిడిగా వుంటాయి. పత్రికాఫీసులో విలేకరి వార్త రాసి ఇస్తాడు. అక్షరాల సైజు, పేజీ అమరిక అతనికి పట్టవు. అవి చూసేవారు వేరే వున్నారు. అదేవిధంగా ఇక్కడ కూడా రాసేవాడు తన పేరు, రహస్య పదం కొట్టి లోపలికి పోయి, పెట్టెలో తెలుగులో విషయం టైపు చేసి, ఫొటో జతచేసి, ప్రచురించు అనే మీట నొక్కితే చాలు. విషయం డేటాబేసు అనే రిజిస్టరులోకి చేరుతుంది. ఎవరైనా ఆ పేజీ అడిగినప్పుడు వేదిక ఆ రిజిస్టరులోంచి విషయాన్ని తీసి, ముందే నిర్ణయించిన అచ్చులో అమర్చి చూపిస్తుంది. ఆ అచ్చును థీమ్ అంటారు. రేపు థీమ్ మార్చినా రాసిన విషయం చెక్కుచెదరదు.

అదనపు సౌకర్యాలు కావాలంటే ప్లగిన్లు అనే చిన్న సాఫ్ట్‌వేర్లు తగిలించుకోవచ్చు. ట్రాక్టరుకు అవసరాన్ని బట్టి గొర్రు తగిలించినట్లు, ట్రాలీ తగిలించినట్లు. ఫొటోల వరుసకు ఒకటి, దరఖాస్తు ఫారానికి ఒకటి, కాపీ తీసి దాచడానికి ఒకటి వుంటాయి.

ఇలాంటి వేదికలలో ఎక్కువ వాడుకలో వున్నది వర్డ్‌ప్రెస్. అమెరికాకు చెందిన మాట్ ముల్లెన్‌వెగ్ అనే పంతొమ్మిదేళ్ళ విద్యార్థి, ఇంగ్లండుకు చెందిన మైక్ లిటిల్ కలిసి 2003 మే 27న దీన్ని విడుదల చేశారు. ఇదీ ఉత్త నేల మీద మొలిచింది కాదు. వేరొకరు రాసి వదిలేసిన బీ2 అనే సాఫ్ట్‌వేరును, లైసెన్సు అనుమతించింది కాబట్టి, తీసుకుని పెంచారు. ఈనాడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దీని మీదే నడుస్తున్నాయని లెక్కలు చెబుతున్నాయి. బెల్జియం యువకుడు డ్రీస్ బైటార్ట్ 2001లో విడుదల చేసిన ద్రూపల్, 2005లో వచ్చిన జూమ్లా కూడా ఈ కోవకు చెందినవే.

మన ప్రభుత్వాలు కూడా ఈ దారిలోనే వున్నాయి. 2014లో కేంద్రం ప్రారంభించిన మైగవ్ వెబ్‌సైటును ద్రూపల్ మీద కట్టారు. ప్రభుత్వ కార్యాలయాలు వీలైనంత వరకు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడాలని 2015లో కేంద్ర ప్రభుత్వం విధానం ప్రకటించింది. జిల్లాల వెబ్‌సైట్లకు నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ వారు ఎస్3వాస్ అనే ఒకే చట్రాన్ని తయారుచేసి ఇచ్చారు. ఏ జిల్లా వెబ్‌సైటు తెరిచినా పోలికలు ఒకేలా కనబడటానికి కారణం అదే.

రచ్చబండ వున్న వెబ్‌సైటు

ఇన్ని ఉదాహరణలు చెప్పుకున్నా, తెలుగువారు స్వయంగా కట్టి, స్వయంగా నడుపుకుంటున్న ఓపెన్ సోర్స్ వెబ్‌సైటు ఏది అంటే ముందుగా చెప్పుకోవలసింది తెలుగు వికీపీడియా. దీని కథలో ఊరూరా పనికొచ్చే పాఠం వుంది.

ఇంగ్లీషు వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అనే పద్ధతి మీద నడిచే విజ్ఞాన సర్వస్వం అది. దానికోసం స్వచ్ఛంద కార్యకర్తలు తయారు చేసిన సాఫ్ట్‌వేర్ మీడియావికీ. ఇది కూడా జీపీఎల్ లైసెన్సు కింద వున్నదే. అదే సాఫ్ట్‌వేర్ మీద 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాకు వెన్న నాగార్జున శ్రీకారం చుట్టారు.

ఆ రోజుల్లో కంప్యూటరులో తెలుగు రాయడమంటే యుద్ధమే. ఒక్కొక్క పత్రిక తన వెబ్‌సైటుకు ఒక్కొక్క ఖతి వాడేది. ఆ ఖతి లేని కంప్యూటరులో తెలుగు బదులు పిచ్చి గీతలు కనబడేవి. ఒక పత్రికలోని వార్తను వేరే చోట అతికిస్తే అర్థం లేని గుర్తులు వచ్చేవి. వెదికినా దొరికేవి కావు. ప్రపంచ భాషలన్నింటికీ ఒకే సంకేత పద్ధతిగా 1991లో వచ్చిన యూనికోడ్‌లో తెలుగుకు మొదటి నుంచీ చోటు వుంది. కాని అది కంప్యూటర్లలో కుదురుకోవడానికి పది పన్నెండేళ్ళు పట్టింది. పత్రికల ఖతులలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే సాఫ్ట్‌వేరును తయారుచేసింది కూడా నాగార్జునే. ఇప్పుడు పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న వంటి కవుల పేర్లతో యూనికోడ్ ఖతులు ఉచితంగానే దొరుకుతున్నాయి. సెల్‌ఫోనులో మాటతో చెప్పినా తెలుగు అక్షరాలు పడుతున్నాయి.

నాగార్జున విత్తనం వేశారే గాని, అన్నీ ఆయన ఒక్కరే రాయలేదు. తరవాత ఎందరో వచ్చారు. వారిలో ఉద్యోగస్తులున్నారు, ఉపాధ్యాయులున్నారు, విద్యార్థులున్నారు, విదేశాల్లో వున్న తెలుగువారున్నారు. ఎవరికీ జీతం లేదు. ఉభయ తెలుగు రాష్ట్రాల పల్లెలకు వేల సంఖ్యలో పేజీలు ఏర్పడ్డాయి. కదిరికి పేజీ వుంది. కదిరి చుట్టూ వున్న పల్లెలకు వున్నాయి.

దీని నిర్వహణ పద్ధతి గమనించదగినది. ప్రతి పేజీకీ చరిత్ర అనే భాగం వుంటుంది. ఎవరు, ఏ రోజు, ఏ గంటకు, ఏ అక్షరం మార్చారో అందులో నమోదవుతుంది. ఎవరైనా తప్పు రాస్తే, పాడు చేస్తే, పాత ప్రతిని నిమిషంలో తిరిగి నిలబెట్టవచ్చు. అభిప్రాయ భేదం వస్తే చర్చ అనే పేజీలో మాట్లాడుకోవాలి. అందరికీ సంబంధించిన విషయాలు తేల్చుకునే చోటుకు వారు పెట్టుకున్న పేరు రచ్చబండ. పాడు రాతలను తొలగించే అధికారం గల నిర్వాహకులను తోటి సభ్యులే ఎన్నుకుంటారు. పల్లెలో పెద్దమనుషుల పంచాయతీ నడిచే తీరే ఇది. కాకపోతే ఇక్కడ ప్రతి మాటా రాతలో వుంటుంది.

ఒక్క మనిషి మీద ఆధారపడి వుంటే ఆ వెబ్‌సైటు ఏనాడో మూతపడేది. 2023 డిసెంబరుకు దానికి ఇరవై ఏళ్ళు నిండాయి. మొదట్లో రాసినవారిలో కొందరు విరమించుకున్నారు, కొత్తవారు వచ్చారు, పని ఆగలేదు. మర్రిమానుకు అసలు మొదలు శిథిలమైనా ఊడలు నేలలో దిగి భారం మోస్తాయి. ఇదీ అటువంటిదే.

జిల్లా మారిన రోజు

నిర్వహణ అంటే ఏమిటో తెలియడానికి మన ప్రాంతంలో జరిగిన సంఘటనే చాలు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. అప్పటిదాకా అనంతపురం జిల్లాలో వున్న కదిరి, పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. కదిరికి జిల్లా మారడం కొత్త కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల వరకు ఇది కడప జిల్లాలో వుండేది. ఆనాడు మారవలసింది తాలూకా కచేరీ రికార్డులే. ఈనాడు ఆ ఒక్క ఉత్తర్వుతో, ఇంటర్నెట్‌లో కదిరి డివిజను పల్లెల పేర్లు వున్న పేజీలన్నింటిలో జిల్లా పేరు పాతదై కూర్చుంది.

చేత్తో రాసిన వెబ్‌సైటు అయితే ప్రతి పేజీ తెరిచి దిద్దాలి. విషయ నిర్వహణ వేదికలో అలా కాదు. పలు పేజీలకు ఉమ్మడిగా వుండే భాగాన్ని ఒకేచోట వుంచి, అన్ని పేజీలూ దాన్నే చూపేటట్లు చేయవచ్చు. తెలుగు వికీపీడియాలో దీన్ని మూస అంటారు. మూసలో ఒకసారి దిద్దితే ఆ మూస వున్న పేజీలన్నింటిలో మారుతుంది. అయినప్పటికీ వాక్యాల మధ్య వున్న జిల్లా పేరును, జిల్లా కేంద్రం ఎంత దూరమో చెప్పే అంకెలను మనిషి చూసి దిద్దవలసిందే. యంత్రానికి అనంతపురం దూరం తెలుసు గాని, ఇప్పుడు చెప్పవలసింది పుట్టపర్తి దూరమని తెలియదు.

నేటికీ పాత జిల్లా పేరుతోనే వున్న వెబ్‌సైట్లు వెదికితే కనబడతాయి. అవి కట్టినవారు చెడ్డవారు కారు. కట్టిన తరవాత మళ్ళీ తలుపు తీయలేదు, అంతే. చెరువు తవ్విన ఉత్సాహం పూడిక తీయడంలో వుండదు. కట్ట మీద కంప మొలిచి, తూము పూడిపోయిన చెరువులు ఈ కరువు సీమలో ఎన్ని లేవు? వెబ్‌సైటుకూ అదే గతి పడుతుంది.

ఖర్చెంత?

సొంత వెబ్‌సైటుకు కావలసినవి మూడు. ఒకటి చిరునామా, దీన్ని డొమైన్ అంటారు. రెండు స్థలం, అంటే రాత్రింబవళ్ళు నడిచే సర్వర్ కంప్యూటరులో అద్దె చోటు, దీన్ని హోస్టింగ్ అంటారు. మూడు సాఫ్ట్‌వేర్. మూడవది ఉచితం. మొదటి రెండింటికీ ఏటా డబ్బు కట్టాలి. డొమైనుకు సాధారణంగా ఏడాదికి కొన్ని వందల నుంచి వెయ్యి రూపాయల పైచిలుకు అవుతుంది. చిన్న వెబ్‌సైటుకు హోస్టింగ్ ఏడాదికి కొన్ని వేలల్లో తేలుతుంది. డొమైను పేరును తెలుగు అక్షరాలలోనే, చివర భారత్ అని వచ్చేటట్లు తీసుకునే సదుపాయం కూడా వుంది. తాళం గుర్తుతో వచ్చే భద్రతా సర్టిఫికెట్టుకు వెనుక డబ్బు కట్టవలసి వుండేది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ పదేళ్ళుగా దాన్ని ఉచితంగా ఇస్తోంది.

మొదటి ఏడాది తక్కువ ధర చూపి, రెండవ ఏడు నుంచి రెట్టింపు అడిగే ప్రకటనలు వుంటాయి. కొనేముందు మరుసటి ఏడాది ధర ఎంతో చూసుకోవాలి.

అంత ఖర్చు కూడా పెట్టలేని ఊరు తెలుగు వికీపీడియాలో తమ ఊరి పేజీని బాగు చేసుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. అయితే అక్కడి నియమాలు వేరు. సొంత పొగడ్తలు, అమ్మకపు ప్రకటనలు చెల్లవు. రాసిన దానికి పుస్తకమో, పత్రికో, ప్రభుత్వ రికార్డో ఆధారం చూపాలి. మా ఊరి మొదటి సర్పంచ్ ఫలానా అంటే సరిపోదు, ఎక్కడ అచ్చయిందో చెప్పాలి. రైతు సంఘం తన కాయల ధర, నేత సహకార సంఘం తన చీరల వివరం చెప్పుకోవాలంటే మాత్రం సొంత వెబ్‌సైటే దారి.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఇటువంటి ప్రయత్నాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బడి వెబ్‌సైటుకో, సంఘం వెబ్‌సైటుకో చిరునామాను ఉత్సాహవంతుడైన ఒక కుర్రవాడి పేరు మీద, అతని ఫోన్ నెంబరు మీద, అతని ఈ-మెయిల్ మీద కొంటారు. రెండేళ్ళకు అతనికి బెంగుళూరులో ఉద్యోగం వస్తుంది. నెంబరు మారుతుంది. డొమైన్ గడువు తీరిందన్న హెచ్చరిక ఎవరూ చూడని మెయిలుకు పోతుంది. ఇచ్చిన అదనపు గడువు కూడా దాటాక ఆ పేరు మళ్ళీ బజారుకు వస్తుంది. దాన్ని ఎవరైనా కొనవచ్చు. నిన్నటిదాకా బడి పిల్లల ఫొటోలు వున్న చిరునామాలో రేపు జూదం ప్రకటనలు కనబడినా అడ్డుచెప్పే హక్కు సంఘానికి మిగలదు.

అందువల్ల చిరునామాను సంఘం పేరు మీదే కొనాలి. సంఘానికి ప్రత్యేకంగా ఒక మెయిలు వుండాలి. దాని రహస్య పదం కనీసం ఇద్దరికి తెలిసి వుండాలి. చెల్లింపు తేదీని సంఘం మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టే సంఘాలు వెబ్‌సైటును మాత్రం ఒకరి చేతిలో పెట్టడం విడ్డూరం.

వర్డ్‌ప్రెస్‌లో ఎవరికి ఎంత అధికారమో పంచే ఏర్పాటు వుంది. అన్నీ మార్చగల వ్యక్తి నిర్వాహకుడు. అందరి రాతలూ దిద్దగల వ్యక్తి సంపాదకుడు. తన రాతను తానే ప్రచురించుకోగల వ్యక్తి రచయిత. రాసి పంపడమే తప్ప ప్రచురించే వీలు లేని వ్యక్తి సహాయకుడు. పది మంది పిల్లల చేత రాయించి, ఉపాధ్యాయుడు చూసి విడుదల చేయడానికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. అందరికీ నిర్వాహకుడి తాళంచెవి ఇచ్చేస్తే ప్రమాదం కొని తెచ్చుకున్నట్లే.

దొంగలు వచ్చే దారి

ఊరి వెబ్‌సైటులో దోచుకోవడానికి ఏముంది అని అనుకోరాదు. దొంగలు ఊరు చూసి రారు. వారి యంత్రాలు పగలూ రాత్రీ లక్షల తలుపులు తట్టుతూనే వుంటాయి. పాత సాఫ్ట్‌వేరులో బయటపడిన లోపం ఎక్కడ మిగిలి వుంటే అక్కడ దూరుతాయి. లోపం కనబడగానే సాఫ్ట్‌వేర్ తయారీదారులు మరమ్మతు చేసి కొత్త ప్రతి ఇస్తారు. దాన్ని తెచ్చి పెట్టుకోవడాన్నే అప్‌డేట్ అంటారు. అది చేయని వెబ్‌సైటు దడి విరిగిన తోట వంటిది. ముఖ్యంగా ప్లగిన్ల ద్వారానే ఎక్కువ నష్టం జరుగుతోంది. వాడని ప్లగిన్లు తీసివేయడం ఉత్తమం. డబ్బుకు అమ్మే థీమును ఎవరో ఉచితంగా ఇస్తున్నారంటే అందులో విషం కలిపి వుండవచ్చునని తెలుసుకోవాలి.

భక్తుల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. తిరుమల శ్రీవారి పేరుతో నకిలీ వెబ్‌సైట్లు వెలిశాయని దేవస్థానం వారు పలుమార్లు హెచ్చరించారు, పోలీసు కేసులు పెట్టించారు. ఏ క్షేత్రానికైనా ఈ బెడద రావచ్చు. గది కోసమో, సేవ కోసమో డబ్బు కట్టేముందు చిరునామా చివరి అక్షరాలు చూడాలి. గవ్ డాట్ ఇన్ అని ముగిసే చిరునామా ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు ఇవ్వరు. అయితే తాళం గుర్తు కనబడినంత మాత్రాన అది అసలు వెబ్‌సైటు అనుకోరాదు. సర్టిఫికెట్టు ఉచితంగా దొరుకుతున్నది కాబట్టి నకిలీలకూ ఆ గుర్తు వుంటుంది.

కాటారుపల్లి చెప్పే సంగతి

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా సర్వర్ చెడిపోవచ్చు, కంపెనీ మూతపడవచ్చు. అప్పుడు ఆదుకునేది కాపీ ఒక్కటే. వారానికోసారి వెబ్‌సైటు మొత్తానికి నకలు తీసి, సర్వరులో కాకుండా వేరే చోట దాచాలి. అప్పుడప్పుడు ఆ నకలు తెరుచుకుంటోందో లేదో కూడా చూడాలి.

నకలు విలువ ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. వేమన సమాధి గండ్లపెంట మండలం కాటారుపల్లిలో వుంది. ఆయన పద్యాలు జనం నోళ్ళలో, తాళపత్రాలలో చెల్లాచెదురుగా వుండేవి. కడపలో ఉద్యోగం చేసిన సి.పి.బ్రౌన్ దొరకిన ప్రతులన్నీ సేకరించి, సొంత డబ్బుతో పండితులను పెట్టి, నకళ్ళు రాయించి, ఒకదానితో ఒకటి పోల్చి 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించారు. ఎవరి దగ్గరో ఒక్క ప్రతే వుండి వుంటే చెదపురుగులే చదివి వుండేవి. పలు చోట్ల పలు నకళ్ళు వున్నందునే పద్యం బతికింది.

అందుకే తెలుగు వికీపీడియాలోని రాతలను ఎవరైనా, రచయితలకు గుర్తింపు ఇచ్చి, నకలు తీసుకోవచ్చునని నియమం పెట్టారు. 2005లో మొదలైన తెలుగు వికీసోర్సులో హక్కుల గడువు తీరిన పాత పుస్తకాలను స్కాన్ చేసి, అక్షరం అక్షరం దిద్ది పెడుతున్నారు. బ్రౌన్ జీతమిచ్చి చేయించిన పనిని ఇప్పుడు స్వచ్ఛందంగా చేసేవారున్నారు.

ఏది రాయాలి, ఏది రాయరాదు

ఊరి వెబ్‌సైటులో ఏం రాయాలన్నది ఊరే తేల్చుకోవాలి. చెరువు ఎప్పుడు నిండింది, ఏ ఏడు అలుగు పారింది, బోరులో ఎన్ని అడుగులకు నీరు పడింది వంటి వివరాలు ఏ ఏటికాయేడు రాసి వుంచితే పది సంవత్సరాలకు అదే పెద్ద రికార్డు అవుతుంది. దేశంలోనే వాన తక్కువ పడే ప్రాంతాలలో ఇదొకటి. ఇటువంటి చోట అటువంటి లెక్కకు విలువ కట్టలేము. వృద్ధుల నోట మిగిలిన పాటలు, పంటల పేర్లు, పనిముట్ల పేర్లు, కరువు కాలపు అనుభవాలు వారి మాటలోనే రికార్డు చేసి పెట్టవచ్చు.

రాయకూడనివీ వున్నాయి. ఆధార్ నెంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఫోను నెంబర్ల జాబితాలు, రోగుల వివరాలు పెట్టరాదు. వ్యక్తుల సమాచారం కాపాడేందుకు 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేసింది. పిల్లల ఫొటోలు పెట్టేముందు తల్లిదండ్రులను అడగాలి. ఇతరుల ఫొటోలు, రచనలు అడగకుండా తెచ్చి పెట్టడం కూడా తప్పే. పెద్ద ఫొటోలను సైజు తగ్గించకుండా పెడితే సిగ్నలు అంతంత మాత్రంగా వున్న పల్లెలో పేజీ తెరుచుకోదని మరవరాదు.

ఎవరు పూనుకోవాలి?

కదిరిలో జూనియర్, డిగ్రీ కళాశాలలున్నాయి. కంప్యూటరు చదువుకుని, బెంగుళూరు బస్సు కోసం ఎదురుచూస్తున్న యువకులు ప్రతి పల్లెలోనూ వున్నారు. వర్డ్‌ప్రెస్ నేర్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. తెలుగు టైపు చేయడం వచ్చి, ఒక పాత కంప్యూటరు, ఇంటర్నెట్ వుంటే కొద్ది వారాలలో చేయి తిరుగుతుంది. ఇంటర్నెట్‌లో పెట్టకముందు సొంత కంప్యూటరులోనే కట్టి, చెరిపి, మళ్ళీ కట్టి సాధన చేయవచ్చు. దీన్ని బ్రతుకుతెరువుగా చేసుకుని ఊళ్ళో కూర్చునే పని చేస్తున్నవారు మన దేశంలో చాలామంది వున్నారు.

ఒక ఊరు మొదలుపెట్టదలిస్తే చేయవలసిన పని పెద్దది కాదు. ముందుగా తెలుగు వికీపీడియాలో తమ ఊరి పేజీ తెరిచి చదవాలి. జిల్లా పేరు సరిగా వుందా, చెరువు పేరు వుందా, గుడి పేరు తప్పు పడిందా అని చూడాలి. తప్పు వుంటే ఆధారంతో దిద్దాలి. ఆ పని ఆరు నెలలు విడవకుండా చేయగలిగిన ఇద్దరు ముగ్గురు తేలితే, అప్పుడు సొంత వెబ్‌సైటు గురించి ఆలోచించవచ్చు. ఆ ఇద్దరు ముగ్గురు తేలకపోతే డొమైన్ కొనడం డబ్బు దండగ.

కళాశాలల అధ్యాపకులు, రైతు సంఘాలు, యువజన సంఘాలు ఈ విషయమై దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా వుంది. సాఫ్ట్‌వేరును ప్రపంచం ఉచితంగా ఇచ్చింది. అక్షరాలు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ వున్నాయి. వారానికి ఒక గంట కేటాయించి, ఊరి పేజీలో ఏ వివరం పాతబడిందో చూసే మనిషిని మాత్రం ఊరే ఇచ్చుకోవాలి.